కడుపునొప్పి తాళలేక

జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేసిన వాళ్లెవరినైనా నిద్రలేపి అడగండి, ఈ వార్త కళ్లు తెరవకుండానే చెప్పేస్తారు. 'కడుపునొప్పి తాళలేక విద్యార్థిని ఆత్మహత్య.' కింద నాలుగు లైన్లు. ఏ ఊరు, ఏ హాస్టలు, ఎన్నో క్లాసు. మృతదేహాన్ని పోస్టుమార్టం నిమిత్తం ఏరియా ఆస్పత్రికి తరలించారు. అనుమానాస్పద మృతి కింద కేసు నమోదు చేసుకుని ఎస్సై దర్యాప్తు చేస్తున్నారు. అంతే. మర్నాడు ఆ పేజీలో పుష్కరాల వార్త వస్తుంది. నేనూ అలాంటివి లెక్కలేనన్ని రాశాను. ఎప్పుడూ, ఎవరినీ, ఆ నొప్పి సంగతి అడగలేదు.

ఒకసారి ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. మా పేపరు కత్తిరింపును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జేబులోంచి తీశాడు. "మా పిల్లకి కడుపునొప్పని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాడు. స్టేషన్ నుంచి వచ్చిందండీ అన్నాం. "స్టేషన్లో అడిగితే పేపర్లో కూడా వచ్చిందిగా అంటున్నారు" అన్నాడు. కోపంగా అనలేదు. దారి తెలియని ఊళ్లో బస్సు అడిగినట్టు అడిగాడు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. కుర్చీ వేశాం, టీ తెప్పించాం. సవరణ వేయలేదు.

ఈ వ్యాసం ఆ కత్తిరింపు గురించే. పద్నాలుగు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య పిల్ల ఒకటి, ఇంట్లో కాకుండా మరెక్కడో, ఎవరూ చూడని వేళ చనిపోతే ఆ తరువాత జరిగేది ఏమిటి? ఇంట్లో వాళ్ల ప్రశ్నలు పదేళ్లయినా పద్దెనిమిదేళ్లయినా అలాగే ఎందుకు ఉండిపోతున్నాయి? దర్యాప్తు సంస్థ చిన్నదా పెద్దదా అన్నదాని మీదే మనం వాదించుకుంటాం. సీఐ వద్దు సిట్ కావాలి, సిట్ వద్దు సీబీఐ కావాలి. నాకు అర్థమైనంత వరకు తేడా అక్కడ రావడం లేదు. మొదటి రోజు సాయంత్రం లోపు ఏ కాగితం మీద ఏం రాశారన్న దగ్గరే వస్తోంది.

'అనుమానాస్పద మృతి' అన్న మాటకు చట్టంలో ఇల్లు నేర విచారణ స్మృతి 174వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 194 అయింది. పోలీసుల నోట మాత్రం ఇంకా 'నూటడెబ్బైనాలుగే'. ఎఫ్‌ఐఆర్ పుస్తకంలో దీనికి నంబరు పడుతుంది, నేరం సెక్షను పడదు. అంటే ఎవరో ఏదో చేశారని రాజ్యం ఇంకా అనడం లేదు. ఎలా చనిపోయిందో చూద్దాం అంటోంది, అంతే. చట్టం దీన్ని తెరిచి ఉంచిన తలుపుగానే పెట్టింది. అనుమానం తేలితే సెక్షను మార్చవచ్చు. కానీ స్టేషన్లో చేతినిండా పని. నేరం సెక్షను పడితే ముద్దాయి కావాలి, అరెస్టు కావాలి, చార్జిషీటుకు గడువు ఉంటుంది. నూటడెబ్బైనాలుగుకు ఆ తొందరలేవీ లేవు. తెరిచిన తలుపు దానంతటదే మూసుకుంటుంది.

మొదటి కాగితం శవపంచనామా. ఊళ్లో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పెద్దమనుషుల సమక్షంలో ఎస్సై మృతదేహాన్ని చూసి, గాయాలేమున్నాయి, ఏ వస్తువుతో అయి ఉండవచ్చు అని రాయించాలి. ఆచరణలో ఈ పెద్దమనుషులు ఎవరో ఒకసారి మార్చురీ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. వేపచెట్టు కింద బండి ఆపుకున్నవాడు, వేరే పని మీద వచ్చిన వార్డు మెంబరు, హాస్టలు నుంచే వచ్చిన ఇద్దరు. రైటర్ బండి సీటు మీద కాగితం పెట్టుకుని రాస్తాడు: చామనచాయ, గుండ్రని ముఖం, ఆకుపచ్చ టాప్, తెల్ల లెగ్గిన్, కుడిచేతికి నల్లతాడు. అప్పుడు తల్లి గొంతు వినిపిస్తుంది, "ఆ టాపు మా పిల్లది కాదయ్యా." ఆ మాట కాగితం మీదికి ఎక్కితే అది సాక్ష్యం. ఎక్కకపోతే తల్లి ఏడుపు. నేను చూసిన వాటిలో ఎక్కనివే ఎక్కువ.

పోలీసుల వైపు నుంచి ఒక మాట చెప్పాలి. పంచనామాలో అన్నీ ఉండాలని చట్టమే అడగదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 1975లో సుప్రీంకోర్టు, పంచనామా ఉద్దేశం మరణానికి పైకి కనబడే కారణం తెలుసుకోవడమేననీ, ఎవరు ఎలా చేశారన్న వివరాలకు అది చోటు కాదనీ తేల్చింది. ముద్దాయి పేరు పంచనామాలో లేదు కాబట్టి కేసే అబద్ధం అనే వాదనను కొట్టేయడానికి చెప్పిన మాట అది. కింది స్థాయిలో మాత్రం, పంచనామాలో తక్కువ రాసినా పరవాలేదన్న అర్థంలోకి జారిపోయింది.

రెండో కాగితం పోస్టుమార్టం రిపోర్టు. పెద్దాస్పత్రి అయితే ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం ఉంటుంది. ఏరియా ఆస్పత్రిలో ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరే చేస్తాడు. పొద్దున్నించి జ్వరాలు, పాముకాట్లు చూసి, మధ్యాహ్నం మూడింటికి మార్చురీకి నడుస్తాడు. చీకటి పడకముందే అయిపోవాలి. రాత్రిపూట కూడా పోస్టుమార్టం చేయవచ్చని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ అనుమతించింది గానీ హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద కేసులను శాంతిభద్రతల అవసరం ఉంటే తప్ప అందులోంచి మినహాయించింది. సరైన మినహాయింపే. కానీ బయట బంధువులు, ఊరేగింపుకు సిద్ధమైన విద్యార్థి సంఘాలు, 'త్వరగా ఇచ్చేయండి సార్' అనే ఎమ్మెల్యే పీఏ. పొద్దు వాలుతుంటే ఆ తొందరకు బలయ్యేది మెడ దగ్గర చేయాల్సిన నిదానమైన కోత.

మెడ అన్నాను కాబట్టి కొంచెం ఇక్కడ ఆగాలి. హాస్టలు మరణాల్లో ఎక్కువ తగువు ఇక్కడే. ఉరికీ గొంతు నులమడానికీ తేడా చెప్పే గుర్తుల్లో గొంతు పైభాగాన ఉండే హయాయిడ్ ఎముక ఒకటి. అది విరిగితే నులిమినట్టు, విరగకపోతే కాదన్నట్టు వాదనలు నడుస్తుంటాయి. పెద్దవాళ్లలో ఆ ఎముక ముక్కలు అతుక్కుని గట్టిపడతాయి. చిన్నవయసులో అవి ఇంకా విడివిడిగా, మెత్తగా ఉంటాయి, నొక్కితే విరక్కుండా వంగుతాయి. పదిహేనేళ్ల పిల్ల విషయంలో 'ఎముక చెక్కుచెదరలేదు' అన్న వాక్యం దేన్నీ తోసిపుచ్చదు. మెడ కండరాలను పొరపొరగా విప్పి, లోపల రక్తం కమిలిందా లేదా అని చూసి రాస్తేనే దానికి విలువ. ఫొటోలు తీస్తే ఇంకా విలువ. అలాగే విషం అనుమానంతో విస్రా, అంటే లోపలి అవయవాల ముక్కలు, తీస్తే చిక్కటి ఉప్పునీళ్లలో భద్రపరచాలి. కణజాలం మైక్రోస్కోపు కింద చూడాలంటే ఫార్మలిన్‌లో వేయాలి. సీసా మారితే పరీక్ష చెడుతుంది. ఆపైన రిపోర్టు చివర 'ఎఫ్‌ఎస్‌ఎల్ ఫలితం వచ్చేదాకా అభిప్రాయం రిజర్వు' అని ఒక లైను. ఇంటివాళ్లు నెలల తరబడి ఆ లైను పట్టుకుని తిరుగుతారు.

ఇప్పుడు తెలుగునాట ఈ ప్రశ్నకు మారుపేరైన కేసుకు వద్దాం. 2007 డిసెంబరు 27. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం, ప్రైవేటు లేడీస్ హాస్టలు. పదిహేడేళ్ల ఫార్మసీ విద్యార్థిని. ఆమె పేరు రెండు రాష్ట్రాల్లో తెలియనివాళ్లు లేరు, ఆమె తల్లే వందసార్లు మైకుల ముందు చెప్పింది. అత్యాచార బాధితుల పేరు రాయకూడదని చట్టం కాబట్టి రాయడం లేదు. ఇది మాత్రం మొదటి రోజునుంచే హత్య కేసు, నూటడెబ్బైనాలుగు కాదు. అయినా ఏమైందో చూడండి. ఆడపిల్లలంతా పడుకున్న హాస్టల్లో ఎవరికీ మెలకువ రాకుండా ఇది ఎలా జరిగిందన్నది మొదటి ప్రశ్న. రాష్ట్రం అట్టుడికింది. పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లు బజార్లో వినిపించాయి. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు పేద యువకుణ్ణి ఒకణ్ణి చూపించి కేసు తేలిందన్నారు. తరువాత అతను నరాల జబ్బుతో నడవలేని స్థితికి వచ్చి నిమ్స్‌లో చికిత్స పొందాడు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. ఇతను కాదు, మా బిడ్డను చంపింది ఇతను కాదు అని అమ్మాయి తల్లిదండ్రులు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. బాధిత కుటుంబం ముద్దాయి పక్షాన నిలబడటం మన కోర్టుల్లో తరచు చూసే దృశ్యం కాదు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నందుకు లక్ష.

పైపైన చూస్తే ఇది చేతకాని దర్యాప్తు కథ. నాకు కనిపించేది ఇంకొకటి. జవాబు కావాలని జనం గట్టిగా అడిగినప్పుడు వ్యవస్థ ఇవ్వగలిగింది ఒక మనిషిని. ఆ పిల్ల తల్లిదండ్రులు అడిగింది మనిషిని కాదు, ఆ రాత్రి ఏం జరిగిందని. ఈ రెండూ ఒకటి కావు. ఒకటనుకుని తొందరపడితే ఇంకో ఇల్లు కూలుతుంది, అదీ పేదవాడి ఇల్లే.

మొదటి రోజు పోయింది ఎంత పెద్ద సంస్థ వచ్చినా తిరిగిరాదనడానికి నోయిడా చాలు. 2008 మే 16 పొద్దున ఒక ఫ్లాట్లో పద్నాలుగేళ్లు నిండబోతున్న అమ్మాయి హత్య బయటపడింది. ఇంట్లో పనిచేసే మనిషి కనబడటం లేదు కాబట్టి వాడే చంపి పారిపోయాడన్నారు. మేడ మీది తలుపుకు తాళం ఉంది. ఆ రోజు ఎవరూ దాన్ని పగలగొట్టి చూడలేదు. మర్నాడు తెరిస్తే అతని శవం అక్కడే ఉంది. ఈలోగా బంధువులు, ఇరుగుపొరుగు, విలేకరులు ఆ గదుల్లో తిరిగారు. తరువాత సీబీఐ వచ్చింది, 2010లో మూసేస్తామంది, కోర్టు ఒప్పుకోలేదు, 2013లో తల్లిదండ్రులకే శిక్ష పడింది, 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వాళ్లను వదిలేసింది. దేశమంతా చూసిన కేసు. ఒక తాళం దగ్గర ఆగిపోయింది.

కొట్టాయం కథ దీనికి తిరగేసి ఉంటుంది. 1992 మార్చిలో చదువుకుంటున్న ఒక యువ సన్యాసిని శవం కాన్వెంటు బావిలో దొరికింది. స్థానిక పోలీసులు, క్రైం బ్రాంచి ఆత్మహత్య అన్నారు. సీబీఐ ఒకటికి రెండుసార్లు మూసేస్తానంటే కోర్టు ఒప్పుకోలేదు. 2020 డిసెంబరులో ఇద్దరికి జీవిత ఖైదు పడింది, అప్పటికి తల్లిదండ్రులు పోయారు. అందులో కీలక సాక్షి ఎవరనుకున్నారు? ఆ రాత్రి కాన్వెంటులో దొంగతనానికి ఎక్కిన మనిషి. పంచనామా మీద సంతకాలు పెట్టిన పెద్దమనుషులకన్నా దొంగ నయమయ్యాడు. తరువాత 2022లో కేరళ హైకోర్టు అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపి బెయిలిచ్చింది కాబట్టి దాని కథ కూడా అయిపోలేదు.

మరి సీబీఐ అన్న నినాదం? కర్నూలు శివారు రెసిడెన్షియల్ స్కూలు హాస్టల్లో 2017 ఆగస్టులో పదో తరగతి చదివే గిరిజన బాలిక ఫ్యానుకు వేలాడుతూ కనిపించింది. యాజమాన్యం ఆత్మహత్య అంది. తల్లి కాదంది. నడవలేని తల్లి వీల్‌చెయిర్లో కూచుని ఊళ్లకు ఊళ్లు తిరిగింది, సభల్లో మాట్లాడింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం సీబీఐకి ఇస్తూ జీవో ఇచ్చింది. పనిభారం ఎక్కువ, మేం తీసుకోలేం అని ఆ సంస్థ ఆ తరువాత హైకోర్టుకు చెప్పింది. ప్రభుత్వం మారాక, 2025లో మళ్లీ సీబీఐకే ఇస్తామన్నారు. మధ్యలో ఆ కుటుంబానికి భూమి ఇచ్చారు, ఇంటి స్థలం ఇచ్చారు, తండ్రికి ఉద్యోగం ఇచ్చారు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల పేరు వేదికల మీద వినిపిస్తుంది. ఇచ్చినవన్నీ ఆమె అడిగిన దానికి బదులుగా ఇచ్చినట్టే ఉంటాయి.

విశాఖలో 2023 జూలైలో నీట్ కోచింగ్‌కని బెంగాల్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి హాస్టలు మేడ మీంచి పడి చనిపోయింది. తండ్రి హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దానితోపాటే విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశం మొత్తానికి పదిహేను మార్గదర్శకాలు ఇచ్చారు. ఒకే తీర్పులో రెండు మాటలు: ఈ మరణం ఆత్మహత్యేనా అన్నది తేలాలి. ఆత్మహత్యలు ఆగాలి. ఈ రెండో మాటను పక్కన పెట్టి ఈ వ్యాసం రాస్తే అన్యాయం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2023లో మన దేశంలో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. హాస్టలు గదిలో పోయిన ప్రతి పిల్లనూ ఎవరో చంపారనుకోవడం కూడా, పిల్ల పడిన బాధను చూడనక్కర్లేకుండా తప్పించుకునే దారి కావచ్చు. ఈ మాట తల్లి ముందు అనలేం. వ్యాసంలో అనకుండా ఉండలేం.

అనుమానం దారి తప్పితే ఏమవుతుందో తమిళనాడు కళ్లకురిచిలో 2022లో చూశాం. జూలై 13న పదిహేడేళ్ల విద్యార్థిని హాస్టలు ఆవరణలో శవమై కనిపించింది. నాలుగు రోజుల తరువాత ఎక్కడెక్కడి జనమో వచ్చి స్కూలు మీద పడ్డారు. బస్సులు తగలబడ్డాయి, పిల్లల సర్టిఫికెట్లు బూడిదయ్యాయి. మద్రాసు హైకోర్టు రెండోసారి పోస్టుమార్టం చేయించింది, ఆ రెండు నివేదికలనూ జిప్మర్ వైద్యులతో పరిశీలింపజేసింది. అత్యాచారం ఆనవాళ్లు లేవని తేలింది. కానీ ఆ తల్లిదండ్రులు మొదట అడిగిన కోరిక ఒకటుంది: రెండో పోస్టుమార్టంలో మేం చెప్పిన డాక్టరును కూడా ఉండనివ్వండి. కోర్టులు ఒప్పుకోలేదు. చట్టం దృష్టిలో అది సబబే కావచ్చు. నా దృష్టిలో ఆ ఒక్క కుర్చీ వేసి ఉంటే తరువాతి అనుమానాలు సగం ఆ గదిలోనే తీరేవి.

ఇన్ని కేసులు చదివాక నాకు అర్థమైంది ఇదీ. ఇంటివాళ్ల ప్రశ్నలు రెండు రకాలు. ఒకటి, మా పిల్లను ఎవరు, ఎందుకు. దీనికి జవాబు నిజంగానే కొన్నిసార్లు దొరకదు. రెండోది చిన్నచిన్నవి. మాకు ఫోను ఎనిమిదింటికి ఎందుకు చేశారు, మీకు తెలిసింది ఐదింటికి కదా? మేం రాకముందే శవాన్ని ఎందుకు దింపారు? గది ఎందుకు కడిగారు? సీసీ కెమెరా ఆ రోజే ఎందుకు పనిచేయలేదు? ఫోను ఎవరి దగ్గరుంది? వీటిలో ఒక్కటీ రహస్యం కాదు. ఒక అధికారి గంటసేపు కూచుంటే చాలావాటికి జవాబు చెప్పగలడు. చెప్పడు. చెప్పనవసరం చట్టంలో లేదు. అప్పుడు చిన్న ప్రశ్నలన్నీ కలిసి పెద్ద ప్రశ్న మీద ఊరతాయి. గది కడిగింది అలవాటు కొద్దీ కావచ్చు. ఏళ్లు గడిచాక అది అలవాటని ఏ తల్లీ నమ్మదు, నమ్మక్కర్లేదు కూడా.

ఇంటివాళ్లను బయట నిలబెట్టే మెలికలు కొన్ని కాగితాల్లోనే ఉన్నాయి. కేసు మూసేస్తామని పోలీసులు రిపోర్టు పెడితే, కోర్టు దాన్ని ఒప్పుకునే ముందు ఫిర్యాదీకి నోటీసిచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. మంచి తీర్పు. అందులోనే, ఫిర్యాదు ఇచ్చినవాళ్లు కాకపోతే చనిపోయినవాళ్ల బంధువులకు నోటీసు పంపాల్సిన బాధ్యత కోర్టుకు లేదని కూడా ఉంది, వచ్చి వాదించుకుంటే వింటారు. ఇప్పుడు చూడండి: హాస్టల్లో పిల్ల పోతే మొదట స్టేషనుకు పరిగెత్తేది ఎవరు? వార్డెన్. ఫిర్యాదు కాగితం మీద సంతకం ఎవరిది? వార్డెన్‌ది. ఆ లెక్కన నోటీసు ఎవరికి వెళ్లాలి? బాధితులకు ప్రతి దశలోనూ వినిపించుకునే హక్కుందని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి ఈ ముడి కొంత వదులైంది. అయినా ఊళ్లో లాయర్లు ఇప్పటికీ ఇచ్చే మొదటి సలహా, 'ఎవరేం రాసిచ్చినా మీరు విడిగా ఒక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి' అనే.

కొత్త చట్టాలు వచ్చాయిగా అంటారు. ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి వెళ్లి, ఆ పనిని వీడియో తీయించాలని నాగరిక్ సురక్షా సంహిత 176 చెబుతోంది, అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు చెప్పాలని 193లో ఉంది. మంచివే. కానీ రెండూ 'నేరం' అన్న మాటకు కట్టేసి ఉన్నాయి. అనుమానాస్పద మృతి నేరం కాదు కదా. ఫోరెన్సిక్ బండి ఎక్కడ తప్పనిసరిగా రావాలో, అక్కడికి రావాల్సిన పని లేకుండా పోయింది. 194లో కొత్తగా చేరింది, రిపోర్టు ఇరవైనాలుగు గంటల్లో ఆర్డీవోకో కలెక్టరుకో చేరాలన్న నిబంధన. తొందరే పెరిగింది, చూపు పెరగలేదు.

ఇంగ్లండులో కరోనర్ అనే అధికారి బహిరంగంగా విచారణ జరుపుతాడు. చనిపోయినవాళ్ల కుటుంబానికి అక్కడ డాక్టరునూ పోలీసునూ నేరుగా ప్రశ్నించే హక్కుంటుంది. బొంబాయిలో 1999 దాకా మనకూ కరోనర్ ఉండేవాడు, పదవి అనవసరమని తీసేశారు. అలాగని అదేదో మంత్రం కాదు. అమెరికాలోని జార్జియాలో 2013 జనవరిలో ఒక హైస్కూలు జిమ్‌లో చుట్టిపెట్టిన చాప మధ్య తలకిందులుగా పదిహేడేళ్ల నల్లజాతి విద్యార్థి శవం దొరికింది. ప్రమాదమన్నారు. కుటుంబం శవాన్ని వెలికితీయించి వేరే డాక్టరుతో మళ్లీ పరీక్ష చేయిస్తే, అవయవాలు ఉండాల్సిన చోట న్యూస్‌పేపరు ముక్కలు ఉన్నాయి. ఆ డాక్టరు దెబ్బ తగిలిందన్నాడు. ఫెడరల్ ప్రభుత్వం 2016లో ఆధారాలు చాలవని మూసేసింది, 2022లో స్థానిక షెరీఫ్ మళ్లీ ప్రమాదమే అన్నాడు. నిజంగా ప్రమాదమే కావచ్చు. కడుపులో పేపరు కుక్కిన శవాన్ని చూసిన తల్లిదండ్రులకు ఆ మాట ఎవరు చెబితే ఎక్కుతుంది?

మన దగ్గర హాజీపూర్ ఉంది, యాదాద్రి జిల్లా బొమ్మలరామారం మండలం. 2019 ఏప్రిల్లో తొమ్మిదో తరగతి పిల్ల స్కూలు నుంచి ఇంటికి రాలేదు. మర్నాడు పాడుబడ్డ బావిలో శవం దొరికింది. ఆ తరువాతే అదే చుట్టుపక్కల బావుల్లో నెల కిందట మాయమైన మరో అమ్మాయి శవం, 2015లో కనిపించకుండా పోయిన పదకొండేళ్ల పాప ఎముకలు బయటపడ్డాయి. నిందితుడికి 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. అందరూ దాన్ని న్యాయం జరిగిన కేసుగా చెప్పుకుంటారు. నాలుగేళ్లపాటు ఆ పాప ఇంట్లో ఎలాంటి రోజులు గడిచి ఉంటాయో తీర్పులో ఉండదు. ఆడపిల్ల కనపడకపోతే స్టేషన్లో మొదట వినిపించే మాట మనందరికీ తెలుసు: 'ఎవరితోనైనా వెళ్లిందేమో చూసుకోండి.' కడుపునొప్పికి అది అక్క.

ఇబ్రహీంపట్నం కేసు దగ్గర మిగిలిన కాస్తా చెప్పాలి. 2017 తీర్పు తరువాత సిట్ వేశారు. అసలు సాక్ష్యాధారాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమయ్యాయని అప్పుడు బయటపడింది. 2018 నవంబరులో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చి, ఆ ధ్వంసం సంగతి కూడా చూడమంది. 2019 డిసెంబరులో ఒక పొద్దున తెనాలి శ్మశానంలో సమాధి తవ్వారు. పన్నెండేళ్ల తరువాత. ఎముకలను వరుసగా పేర్చి మళ్లీ పోస్టుమార్టం చేశారు. మత విశ్వాసాన్ని పక్కన పెట్టి తల్లిదండ్రులు అందుకు ఒప్పుకున్నారు. 2025లో సీబీఐ తుది నివేదికను హైకోర్టుకు అందజేసింది. అందులో ఏముందో తెలుసుకోవాలి, మాకొక కాపీ ఇప్పించండి అని ఆ తల్లిదండ్రులు మళ్లీ కోర్టులో అర్జీ పెట్టుకున్నారు.